జమ్ముపెట్టెకు కీలు పూసిన తల్లి

నిర్గమకాండము రెండవ అధ్యాయములో ఒక తల్లి కనబడును. అక్కడ ఆమె పేరైనను లేదు. లేవి వంశపు స్త్రీ అని మాత్రమే యున్నది. యోకెబెదు అను పేరు మనకు తెలియవలెనన్న ఆరవ అధ్యాయము వరకు ఆగవలెను. రాజాజ్ఞ దేశమంతట చాటబడిన దినములలో ఆమె కుమారుని కనెను. మూడు నెలలు దాచెను. ఆ తరువాత దాచుట ఆమెవలన కాలేదు.

ప్రియ చదువరీ, ఈ కథను మనము సండేస్కూలులో విన్నాము, బొమ్మలలో చూచితిమి. ఏరు, జమ్ము, పెట్టె, అందులో శిశువు, స్నానమునకు వచ్చిన రాకుమార్తె: ఇవన్నియు బొమ్మలో నుండును. అయితే పెట్టెను సిద్ధపరచిన రాత్రిని ఏ బొమ్మలోను నేను చూడలేదు. బిడ్డ ప్రక్కనే నిద్రించుచుండగా, ఆ బిడ్డను విడుచుటకై తెచ్చిన పెట్టెకు సందులు వెదకి వెదకి కీలు పూసిన చేతులను ఎవరును చిత్రింపలేదు. ఈ మాసము ఆ చేతులను గూర్చి మీతో కొంచెము మాటలాడవలెనని యున్నది. ఏలయనగా అట్టి చేతులను నేను దగ్గరగా చూచితిని.

మేము కాలిఫోర్నియాలో నివసించుచున్నాము. మా తెలుగు సంఘమునకు స్వంత మందిరము లేదు. ఒక పాత మందిరమును మూడు సంఘములవారము పంచుకొనియున్నాము. ఉదయము ఇంగ్లీషువారు, మధ్యాహ్నము స్పానిషు మాటలాడువారు, సాయంకాలము మేము. వారి మొక్కజొన్నరొట్టెల వాసన వంటగదిలో ఇంకను ఉండగనే మా బిర్యానీ గిన్నెలు లోపలికి వచ్చును. వారు పోవువేళకును మేము వచ్చువేళకును నడుమనున్న అరగంటలో పిల్లలు ఆవరణలో కలిసి ఆడుకొందురు. పెద్దలము చిరునవ్వులతో సరిపెట్టుకొందుము. నా భార్య మాత్రము అట్లు సరిపెట్టుకొను స్వభావము గలది కాదు. వారి స్త్రీలలో ఒకామెతో ఆమెకు స్నేహము కుదిరెను. సగము ఇంగ్లీషు, సగము సైగలు. ఆమె నా భార్యను ‘ఎర్మానా’ అని పిలుచును. సహోదరి యని అర్థము. నా భార్య ఆమెను ‘చెల్లీ’ అనును. ఆ మాట ఆమెకు అర్థమగుననియే నా నమ్మకము.

ఆ స్త్రీ పేరు వ్రాయను. వ్రాయరాదు. గ్వాటెమాల దేశస్థురాలు, ఇండ్లు శుభ్రపరచి బ్రదుకుచున్నది. కుమారునికి 14 యేండ్లు, కుమార్తెకు 8 యేండ్లు. తండ్రి వారిని విడిచిపోయి చాలకాలమైనది, జాడ తెలియదు. పిల్లలిద్దరును అమెరికాలోనే పుట్టినవారు గనుక 1868లో అంగీకరింపబడిన పదునాలుగవ సవరణ చొప్పున ఆ దేశపు పౌరులు. తల్లి పౌరురాలు కాదు. ఉండుటకు అనుమతి గలదియు కాదు. ఒకే యింట ఒకే పాత్రలోనిది తినువారిలో ఇద్దరు ఆ దేశమునకు సొంతవారు, ఒకతె పరాయిది. అమెరికాలో ఇట్టి తల్లిగాని తండ్రిగాని గల పౌరులైన పిల్లలు 40 లక్షలకు మించియున్నారు.

2025 వేసవిలో ఒక ఆదివారము ఆమె వంటగదిలో నా భార్య చేయి పట్టుకొని ఒక సంగతి అడిగెను. తాను యేటేట ఒక కార్యాలయములో హాజరు వేయించుకొనవలెను. ఇన్నాళ్లు ఆ పని ముద్ర వేయించుకొని ఇంటికి వచ్చుటతో ముగియుచుండెను. ఇప్పుడు అట్లు హాజరునకు పోయినవారిలో కొందరిని అక్కడనే పట్టుకొనుచున్నారు. తన తేదీ ఆరు వారములలో నున్నది. ‘నేను తిరిగి రాకపోయినయెడల నా పిల్లలు మీ యింట ఉండవచ్చునా?’

మమ్మునే అడుగుట ఎందుకు? ఆమెకు అక్క కలదు, పినతల్లి కుమారుడు కలడు. అయితే వారందరిదియు అదే స్థితి. తనను పట్టుకొనిన దినముననే వారినిగూడ పట్టుకొనవచ్చును. కాగితములు సరిగా నున్నవారి పేరు వ్రాయుమని ఉచితముగా సలహా చెప్పు లాయరు ఆమెతో చెప్పెనట. ఆమె ఎరిగినవారిలో కాగితములు సరిగా నున్నవారము మేమే.

నా భార్య అప్పుడే ఒప్పుకొనెడిదే. ‘మా ఆయనను అడిగి చెప్పెదను’ అని మర్యాదకు అనెను. ఆయన తొమ్మిది దినములు ఏమియు చెప్పలేదు.

ఆ తొమ్మిది దినములలో నా మనస్సు ఎట్లు నడిచినదో దాచక చెప్పెదను. మొదట చట్టము జ్ఞాపకమునకు వచ్చెను. ఇంటిలో చట్టమును గూర్చి అంత శ్రద్ధగా నేనెన్నడును ఆలోచించినవాడను కాను. మేము 2005లో వర్కు వీసా మీద వచ్చితిమి. పదునారేండ్లకు, 2021లో, గ్రీన్‌కార్డు దొరికెను. 2026లో పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టవచ్చును. ఇప్పుడు ఒక కాగితముమీద సంతకము చేసి ఎవరి దృష్టిలోనైన పడవలెనా? మా సంఘములో ఒక పెద్దను సలహా అడిగితిని. ఆయన మంచివాడు, రోగులను విడువక దర్శించువాడు. ‘తమ్ముడా, మనము వరుసలో నిలిచి వచ్చినవారము. రోమా పత్రిక పదమూడవ అధ్యాయమును మరువకుము’ అనెను. ఆ మాట నాకు హాయిగా నుండెను. నాకు కావలసినది అదియే గనుక హాయిగా నుండెనని అప్పుడు తోచలేదు.

వరుసలో నిలుచుట యన్నది నిజమే. అయితే ఆ వరుసలో నిలిచియుండిన పదునారేండ్లలో ఉద్యోగము పోయినయెడల మాకుండిన గడువెంత? 2017లో వచ్చిన నియమము చొప్పున 60 దినములు. అంతకుముందు అదియు లేదు. 2009లో నా కంపెనీలో మనుష్యులను తీసివేయుచుండగా మా యింట ఎవరమును సరిగా నిద్రించలేదు; నా పెద్దకుమార్తె అప్పుడు చంటిపిల్ల, పౌరురాలు. మనవారికి ఈ త్రోవ క్రొత్తది కాదు. 2019లో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ అను పేర ప్రభుత్వమే నడపిన బూటకపు విశ్వవిద్యాలయములో చేరి పట్టుబడిన విద్యార్థులలో తెలుగు బిడ్డలు ఎందరుండిరో మరచితిమా? 2025 ఫిబ్రవరిలో సంకెళ్లతో సైనిక విమానములో అమృత్‌సరునకు దింపబడిన 104 మంది మన దేశస్థులే గదా. ఆమెకును నాకును మధ్య ఏరు కలదు గాని, సముద్రము లేదు.

రెండవ ప్రశ్న మనవారందరును అడుగునదే. ‘ఇన్నేండ్లు అక్కడనే యుండి కాగితములెందుకు చేయించుకొనలేదు?’ నేనును అడిగితిని. నిర్లక్ష్యము చేత ఏదో ఒక కౌంటరు దగ్గరకు పోవుట మానినదను నింద ఈ ప్రశ్నలో నున్నది. అట్టి కౌంటరు లేదు. పది యేండ్లు ఎడతెగక నివసించి, మంచి నడవడి గలిగి, తాను పంపివేయబడినయెడల పౌరులైన బిడ్డలు మొదలగువారికి మిక్కిలి అసాధారణమైన కష్టము కలుగునని న్యాయాధిపతి యెదుట రుజువు చేయగలవారికి ఒక ద్వారము కలదు. సాధారణమైన కష్టము చాలదు. తల్లిని ఎడబాసిన బిడ్డ ఏడ్చుట సాధారణమైన కష్టముక్రిందనే లెక్క. ఆ ద్వారమున సంవత్సరమునకు 4,000 మందికి మించి పోరాదని 1996 నాటి చట్టము. ఆ కోర్టులో లాయరును పెట్టుకొను హక్కు కలదు గాని ప్రభుత్వపు ఖర్చుతో కాదు.

ఈమె 2008లో సరిహద్దు దాటి పట్టుబడి, విచారణకు రమ్మను కాగితముతో విడువబడినది. బంధువుల యింటనుండి మరియొక యింటికి మారినది. తేదీ తెలుపు జాబు పాత యింటికి పోయినది. ఆమె లేకుండగనే 2009లో వెళ్లగొట్టుటకు ఉత్తరువాయెను. అట్టి పాత ఉత్తరువు మెడకున్నవారికి మీది ద్వారము ఇంకను ఇరుకు. కుమారుడు 21 యేండ్లవాడైనప్పుడు తల్లికొరకు దరఖాస్తు పెట్టవచ్చును గదా అందురేమో. పెట్టవచ్చును. అయితే దొంగత్రోవన దాటివచ్చినవారు సాధారణముగా వెలుపలికి పోయి వీసా తెచ్చుకొనవలెను. అనుమతి లేక సంవత్సరము మించి యుండినవారు వెలుపలికి అడుగు పెట్టగానే పది యేండ్ల నిషేధము మొదలగును. ఆ నిషేధమును తొలగింపుడని వేడుకొనవచ్చును. అప్పుడు చూపవలసినది పౌరుడైన భర్త కష్టము, లేక భార్య కష్టము, లేక తల్లిదండ్రుల కష్టము. బిడ్డ కష్టము ఆ లెక్కలోనికి రాదు. ఈ సంగతి లాయరు చెప్పినప్పుడు నేను రెండుసార్లు మరల అడిగితిని, సరిగా వినలేదేమోనని.

ఆమె చట్టము మీరలేదని చెప్పను. ఆమెయు చెప్పదు. అమెరికా చట్టము ఫరో ఆజ్ఞవంటిదను వారితోను నేను ఏకీభవింపను; అది శిశువులను ఏటిలో పారవేయుమనలేదు, తన యెల్లను కాచుకొను అధికారము ఏ దేశమునకైనను కలదు. అయితే తూకము ఒకటి యుండవలెను గదా. మొదటిసారి దొంగతనముగా సరిహద్దు దాటుటకు ఆ దేశపు చట్టములో అత్యధికమైన చెర ఆరు నెలలు. ఉండుటకు అనుమతి లేనివారు ఊరక దేశములో నుండుట సాధారణముగా నేరము కాదని ఆ దేశపు సుప్రీంకోర్టే 2012లో ఆరిజోనా వ్యాజ్యములో చెప్పెను. అట్టి తప్పిదమునకు ఇప్పుడు ఆమె యెదుటనున్న మూల్యము ఇద్దరు పిల్లల బాల్యము. రోమా పదమూడవ అధ్యాయమును నాకు జ్ఞాపకము చేసిన పెద్దగారు ఏడవ వచనముతో నిలిచిపోయిరి. అపొస్తలుడు అక్కడ నిలువలేదు. వెంటనే ఎనిమిదవ వచనము మొదలుకొని, పన్నులన్నియు తీర్చినను ఎన్నటికిని తీరని ఋణమొకటి పొరుగువానికి మనము బాకీ యున్నామని వ్రాసెను.

అయినను నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఈ ప్రశ్న కాదు. వారి సంఘములో ఒక సహోదరుడు ఆమెతో, ‘పిల్లలను ఇతరులకు అప్పగించు కాగితము వ్రాయుట అవిశ్వాసము. ఉపవాసముండి ప్రార్థింపుము, ప్రభువు కార్యము చేయును. సంతకము పెట్టితివా, కీడును నీవే పిలిచినదానవు’ అని చెప్పెను. ఆమె ఆ మాటకు హడలిపోయెను. ఒక వారము సిద్ధపడును, ఒక వారము కాగితములన్నియు సొరుగులో వేసి తాళము పెట్టును. మన సంఘములలోను ఇట్టి బోధ కలదు. రోగియైన తండ్రి వీలునామా వ్రాయ బోయిన ‘అపశకునపు మాటలేల’ అని నోరు మూయించువారు మనవారిలో లేరా?

ఈ సహోదరుని మాట నిజమా? అప్పుడు నేను నిర్గమకాండమును తెరచితిని.

యోకెబెదు మొదట దాచెను. హెబ్రీ పత్రిక 11:23లో ఆ దాచుటకు విశ్వాసమని పేరు పెట్టబడినది. శిశువు మూడు నెలలవాడాయెను. గొంతు పెరిగెను, ఏడ్పు గోడ దాటి వినబడసాగెను. అప్పుడు ఆమె పెట్టె తెచ్చెను. హెబ్రీ భాషలో ఈ పెట్టెకు వాడిన మాట ‘తేవా’. బైబిలంతటిలో ఆ మాట రెండు వస్తువులకు మాత్రమే వాడబడినది: ఒకటి నోవహు ఓడ, రెండవది ఈ పెట్టె. నోవహు ఓడకును కీలు పూయబడెను, దీనికిని పూయబడెను. కాపాడువాడు దేవుడే యైనప్పుడు కీలెందుకని నోవహును ఎవరును అడుగలేదు. దాచగలిగినంతకాలము దాచుట విశ్వాసమైనప్పుడు, దాచలేని దినమునకు సిద్ధపడుట అవిశ్వాసమెట్లగును? రెండును ఒకే చేతి పని. నాకు తోచినంతవరకు రెండవదే కష్టతరమైన విశ్వాసము. దాచునప్పుడు బిడ్డ రొమ్మున నుండును. కీలు పూయునప్పుడు తన చేతులు లేని చోట ఆ బిడ్డ ఎట్లు బ్రదుకవలెనో తల్లి ఆలోచింపవలెను. నీరు ఎటునుండి లోనికి వచ్చునో, ఏ సందు సన్నగా నున్నదో తడవి చూడవలెను. బిడ్డ మునుగుటను మనస్సులో ముందుగా చూడని తల్లి కీలు పూయలేదు.

మన సోదరి పూసిన కీలెట్టిదో చెప్పెదను. కుమార్తెకు ఉబ్బసము, పీల్చుమందు పేరు, ఎన్ని గంటలకొకసారి, ఏ చలికి ఎక్కువగును, అన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాసెను. కుమారునికి వేరుసెనగ పడదు. బడి గుమాస్తా పేరు, పళ్లవైద్యుని చిరునామా, జన్మపత్రముల నకళ్లు, ఇద్దరి టీకాల పట్టికలు. పాస్‌పోర్టులు తీయబోగా అక్కడ చిక్కు: 16 యేండ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరి సమ్మతియు కావలెను. జాడలేని తండ్రి సమ్మతి ఎక్కడనుండి తెచ్చును? దానికి వేరొక దరఖాస్తు, వేరొక ప్రమాణము. పుస్తకము చివరి పుటలో ‘రాత్రి దీపము ఆర్పవద్దు’ అని ఇంగ్లీషులో తప్పుల అక్షరములతో వ్రాసియుండెను. దానిని నా భార్య నాకు చూపెను. ఏమియు అనలేదు.

సమూయేలు రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో ఒకే ఒక వచనమున ఒక బాలుని కథ కలదు. యోనాతాను కుమారుడు మెఫీబోషెతు, అయిదేండ్లవాడు. యుద్ధములో తండ్రియు తాతయు కూలిరని వార్త వచ్చెను. దాది వానిని ఎత్తుకొని పరుగెత్తెను. తొందరలో వాడు పడి కుంటివాడాయెను. వానిని గాయపరచినది శత్రువు ఖడ్గము కాదు. ప్రేమించిన చేతులే, వార్త వినగానే ఏమి చేయవలెనో తెలియని తొందరలో, జారవిడిచినవి. ఆ దాదిని నేను నిందింపను. ఆమెకు ఎవరైనను ముందుగా చెప్పియుండిరా, ఇట్లు జరిగినయెడల ఫలాని యింటికి పొమ్మని? అయితే యోనాతాను మాత్రము ఒక పని చేసియుండెను. తనకేమి సంభవించినను తన యింటివారిమీద దయ చూపవలెనని చాలకాలము ముందే దావీదు చేత ప్రమాణము చేయించుకొనెను (1 సమూ. 20:14-17). ఆ ప్రమాణము అప్పటికి వానిని పడకుండ ఆపలేదు. అయినను యేండ్లు గడచిన తరువాత కుంటివాడైన ఆ కుమారుడు రాజు బల్లయొద్ద కూర్చుండుటకు కారణము ఆ మాటయే (2 సమూ. 9). నా స్నేహితుడు చనిపోవచ్చును అను సంగతిని దావీదు ఆనాడు ఎదుట పెట్టుకొని వినెను. ‘అట్టి మాటలు పలుకవద్దు, దేవుడున్నాడు’ అని యోనాతాను నోరు మూయలేదు.

ఇక్కడ నాకు ఉక్కిరిబిక్కిరియాయెను. ఇంతవరకు నేను ఆ తల్లి చేయవలసినది న్యాయమా కాదా అని విచారించుచుంటిని. ఆమె సిద్ధపడుట తగునా, సంతకము విశ్వాసమా అవిశ్వాసమా అని పండితునివలె తూచుచుంటిని. అయితే యోకెబెదు ఎంత కీలు పూసినను ఆ పెట్టె ఎంతసేపు తేలగలదు? ఏటి ఒడ్డున దూరముగా అక్క నిలిచియుండెను. నీళ్లలోనుండి తీయించినది మరియొకతె. ఆ అన్యదేశపు యువతి చట్టమునకు చాల దగ్గరిది. ఆజ్ఞ యిచ్చినవాని కుమార్తెయే. ఆ బిడ్డ ఎవరి బిడ్డయో చూడగానే తెలిసికొనెను, తెలిసికొనియే తీసికొనెను. ప్రశ్న తల్లికి కాదు. ఆమె తన భాగమును నోటుపుస్తకములో చివరి పుటవరకు వ్రాసి ముగించెను. ఒడ్డున ఎవరు నిలిచియున్నారన్నదే మిగిలినది, అక్కడ నా తొమ్మిది దినములున్నవి.

1982లో ఆరిజోనాలోని టూసన్ నగరపు సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ సంఘము, గ్వాటెమాల, ఎల్ సాల్వడార్ దేశముల యుద్ధములనుండి పారిపోయి వచ్చినవారికి తమ మందిరము ఆశ్రయమని బహిరంగముగా చాటెను. ఆ సంఘకాపరి జాన్ ఫైఫ్ 1986లో దోషియని తీర్పు పొందెను. తరువాతి కాలమున మందిరములలోను బడులలోను సాధారణముగా ఎవరిని పట్టుకొనరాదను నియమము 2011లో వ్రాతలోనికి వచ్చి, 2025 జనవరిలో రద్దాయెను. అది మొదలుకొని మధ్యాహ్నపు ఆరాధనకు వచ్చువారు పలుచనైరి. తలుపు దగ్గర ఎప్పుడును ఒకరు నిలిచియుందురు. ఫైఫ్ గారివంటి ధైర్యము నాయొద్ద ఎవరును అడుగలేదు. అడిగినది చట్టము అనుమతించిన కాగితమే. నేను లాయరు దగ్గరకు పోయి, ఇది నేరస్థులను దాచుట క్రిందికి వచ్చునా అని అడుగగా ఆమె నావైపు వింతగా చూచి, ‘ఆ పిల్లలు ఈ దేశపు పౌరులు. పౌరులను ఇంట పెట్టుకొనుట నేరమెట్లగును?’ అనెను. నాకు సిగ్గాయెను.

కాలిఫోర్నియాలో ఆ కాగితమును సంరక్షకుని ప్రమాణపత్రమందురు. అబద్ధమైనయెడల శిక్షకు పాత్రుడనని ఒప్పుకొని, దానిమీద సంతకము చేయవలసినది తల్లి కాదు, పిల్లలను చూచుకొనువాడు. ఆనాటి నియమము చొప్పున బంధువు కానివాని సంతకము బడిలో చేర్చుటకును బడికి సంబంధించిన వైద్యమునకును మాత్రమే చాలును. అంతకు మించినదానికి కోర్టు నియమించు సంరక్షకత్వము వేరుగా కావలెను. తల్లి హక్కును అది తీసివేయదు. చాల చిన్న కాగితము. ఫిలేమోను పత్రికయు చిన్నదే. పారిపోయిన దాసుని అప్పు తన లెక్కలో వ్రాసికొనుమని చెప్పి పౌలు ఆ మాటను తన స్వహస్తముతో వ్రాసెను. అక్కడ ఆయన లేఖకుని చేత వ్రాయించక కలము తానే తీసికొనుట నేనెన్నడును గమనింపలేదు.

పదియవ దినమున నా భార్య, ‘ఏమండీ, ఆదివారం వస్తోంది. ఆమె మొహం చూడాలి నేను’ అనెను. సంతకము చేసితిని.

ఇంకొక సంగతి మిగిలెను. చిన్నపిల్లకు చెప్పవలెనా? తల్లి చెప్పనని పట్టుపట్టెను. ‘దాని చిన్నతనము దానికి ఉండనిండు’ అనెను. ఈ విషయములో ఆమెతో నేను వాదించితిని. వాదించు హక్కు నాకు లేదని నా భార్య తరువాత మందలించెను. అయినను నా అభిప్రాయము మారలేదు. పెద్దవానికి ఎవరును చెప్పలేదు గాని అన్నియు తెలియును. లాయరు ఫోను నంబరును కంఠస్థము చేసియున్నాడు. తలుపు తట్టినప్పుడెల్ల వాడే ముందు లేచి కిటికీలోనుండి చూచును. చెప్పకయే తెలిసినది చెప్పగా తెలిసినదానికంటె బరువు. దానిని గూర్చి ఎవరిని అడుగుటకును వీలులేదు. అబ్రాహాముతో కొండయెక్కుచున్న ఇస్సాకు కట్టెలను చూచెను, నిప్పును చూచెను, గొఱ్ఱె యేదని అడిగెను. పిల్లలు లెక్క పెట్టుదురు. చివరకు ఆ తల్లి కొంచెము చెప్పెను. అమ్మ కొన్నాళ్లు ఊరిలో లేకపోయినయెడల ఎవరి యింట నుండవలెనో చూచి వత్తము రమ్మని ఒక శనివారము కుమార్తెను మా యింటికి తీసికొనివచ్చెను.

హాజరు దినమున నేను కారులో వారిని తీసికొనిపోతిని. లాయరు వెంట లోనికి పోయినది. నన్ను లోనికి రానియ్యలేదు. మూడు గంటలు కారులో కూర్చుంటిని. ప్రార్థింతునని యనుకొంటిని గాని ద్వారమువైపు చూచుటతోనే సరిపోయెను. ఆమె తిరిగి వచ్చినది. ఆరు నెలల తరువాతి తేదీ వ్రాసిన కాగితము చేతిలో నున్నది. దారిలో ఎవరమును మాటలాడలేదు. ఇంటి మలుపు దగ్గర ఆమె బియ్యము కొనవలెనని చెప్పగా అంగడియొద్ద ఆపితిని.

ప్రమాణపత్రము మా బీరువాలో మా పాస్‌పోర్టుల ప్రక్కన నున్నది. నోటుపుస్తకమును నా భార్య వంటగదిలో పెట్టినది, మసాలా డబ్బాల పైయరలో. ఆ శనివారము చిన్నపిల్ల మా యిల్లంతయు తిరిగి చూచినది. ఏడ్వలేదు, అంత పెద్ద ప్రశ్నలేవియు అడుగలేదు. మా కుమార్తె గదిలో తనకు వేసిన మంచముమీద కూర్చుండి, దీపపు మీట అక్కడనుండి అందునా అని చేయి చాచి చూచినది. అందలేదు. మరుసటి దినము మంచమును గోడవైపునకు జరిపితిమి.